ఎర్రమెట్ట నుంచి రేవుపాడుకి సగటున ఎంతసేపు

ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరమో చెప్పే అధికారం ప్రభుత్వంలో ఒక్క మా శాఖకే ఉంది. దూర నిర్ధారణ శాఖ అంటారు. రేవుపాడులో పాత ధాన్యం గిడ్డంగి పక్కనున్న మేడ మాదే. కింద మేము, పైన కమిషనర్ గారు. మీరు మీ అత్తారింటికి వెయ్యిసార్లు వెళ్ళొచ్చినా సరే, అదెంత దూరమో మీకు తెలిసినట్టు కాదు. మేం ధ్రువీకరించాకే తెలిసినట్టు. నేనక్కడ ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తాని, పేరు పేర్రాజు. ఇన్నేళ్ళలో నేను టేపు పట్టుకున్నది ఒక్కసారే, అదీ కొత్త బీరువా గుమ్మంలోంచి పడుతుందో లేదో చూడటానికి. పట్టలేదు. ఇప్పటికీ వరండాలోనే ఉంది.

రెండేళ్ళ కిందట మా ఊరికి విమానాశ్రయం వచ్చింది. రోజుకి ఒకటే విమానం. పొద్దున్న ఆరూ పదికి ఎర్రమెట్టలో లేస్తుంది, ఆరూ యాభై అయిదుకి మా ఊళ్ళో దిగుతుంది. నలభై అయిదు నిమిషాలు. ఈ సంగతి విమానాశ్రయం ముందు ఇడ్లీలమ్మే మంగాయమ్మకి కూడా తెలుసు, ఆవిడ విమానం చప్పుడు విన్నాకే రెండో వాయి దింపుతుంది. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ అడక్కుండా ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఒక గౌరవ సభ్యుడు, ఆ రోజు శాసనసభలో నిద్ర పట్టలేదు కాబోలు, "సదరు రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంత, ప్రయాణ కాలమెంత?" అని అడిగేశాడు.

ప్రశ్న మా డిప్యూటీ డైరెక్టర్ సోమలింగం గారి బల్ల మీదికి వచ్చింది. సోమలింగం గారు పద్ధతి గల మనిషి. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా లేదు. రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలుంది. మెమో లేకుండా దిగిపోవాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. ఆయన వెంటనే విమానాల వారికి, రోడ్ల వారికి, రైళ్ళ వారికి ఉత్తరాలు రాసి, జవాబులు తెప్పించి నా ముందు పరిచారు.

"చూశావా పేర్రాజూ! విమానాల వాళ్ళు రెండొందల నలభై కిలోమీటర్లంటున్నారు. రోడ్ల వాళ్ళు నాలుగొందల అరవై ఎనిమిదంటున్నారు. రైళ్ళ వాళ్ళు మూడొందల తొంభై. వీళ్ళలో ఎవరి మాట నమ్మమంటావు?"

"ముగ్గురిదీ నమ్మొచ్చండి. ఒకరు విమానం సంగతి చెప్పారు, ఒకరు బస్సు సంగతి, ఒకరు రైలు సంగతి."

"అది వాహన భేదమయ్యా. సభ్యుడు అడిగింది రెండు స్థలాల మధ్య దూరం. స్థలాలు కదిలాయా? లేదు. మరి దూరం మూడు రకాలుగా ఎందుకుంటుంది?"

పై అధికారి ప్రశ్నలకి సమాధానం లేకపోవడం మా ఉద్యోగంలో ఒక అర్హత.

సోమలింగం గారు కళ్ళజోడు తుడుచుకుని, తెల్లకాగితం మీద మూడు దూరాలూ కూడి మూడుతో భాగించారు. మూడొందల అరవై ఆరు కిలోమీటర్లు వచ్చింది. కాలం కూడా అలాగే. విమానం నలభై అయిదు నిమిషాలు, బస్సు తొమ్మిదింబావు గంటలు, రైలు ఏడు గంటలు. మొత్తం పదిహేడు గంటలు, మూడో వంతు అయిదు గంటల నలభై నిమిషాలు. "ఏ శాఖనీ నొప్పించకుండా సత్యం చెప్పడమంటే ఇదీ" అన్నారు. మంత్రిగారు ఆ జవాబుని సభలో చదివారు. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఎవరూ వినలేదు.

ఆ వారంలోనే ఆయన కూతురు హైమ శుభలేఖలు పంచడానికి ఆఫీసుకి వచ్చింది. హైమ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. పెళ్ళికొడుకు వంశీధర్ ఎర్రమెట్టలో పశువుల డాక్టరు. ఆ పిల్లని నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. నాకు బొట్టుపెట్టి కార్డిస్తూ బల్ల మీదున్న జవాబు చూసింది.

"ఇదేంటి నాన్నా? విమానాన్నీ బస్సునీ కలిపి సగటు తీశారా? నా స్టూడెంట్ ఎవరైనా ఇలా చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని."

"శాఖల మధ్య వివక్ష చూపించకూడదమ్మా."

"సరే. మరి పెళ్ళిరోజున ఆయన అదే విమానంలో వస్తున్నాడు కదా. ముందురోజు సాయంత్రం దాకా గేదెలకి టీకాల డ్యూటీ. మిగతా వాళ్ళంతా ముందే బస్సులో వచ్చేస్తున్నారు. ముహూర్తం పదీ నలభై రెండుకి. మీ లెక్క ప్రకారం ఆయన పదకొండూ యాభైకి గానీ దిగడు."

సోమలింగం గారు నవ్వారు. "పిచ్చిదానా, ఆరూ యాభై అయిదుకే దిగుతాడు. బోలెడు టైముంది. అది సభకి చెప్పిన టైము. ఇది పెళ్ళి."

హైమ నావైపు చూసింది. నేను శుభలేఖ చదువుతున్నట్టు నటించాను.

అంతటితో ఆగిపోతే బాగుండేది. పెళ్ళికి మూడు వారాల ముందు ఆ గౌరవ సభ్యుడే పొరపాటున మా విమానం ఎక్కాడు. నలభై అయిదు నిమిషాల్లో దిగిపోయి, నేరుగా సభకి పోయి, ప్రభుత్వం తనకి నాలుగు గంటల యాభై అయిదు నిమిషాల మేరకు అబద్ధం చెప్పిందని సభాహక్కుల నోటీసిచ్చాడు. ఫైలు రెక్కలు కట్టుకుని మా మేడ మీద వాలింది. కమిషనర్ గారు సోమలింగం గారిని పైకి పిలిచారు. వెనక ఫైలు మోసుకుంటూ నేనూ వెళ్ళాను.

"సభకి ఇచ్చిన సమాధానం తప్పయ్యే అవకాశం ఉందా?" అని అడిగారు కమిషనర్ గారు.

"సభకి ఇచ్చిన సమాధానం తప్పయ్యే అవకాశాన్ని నిబంధనలు కల్పించలేదండి" అన్నారు సోమలింగం గారు.

"అయితే తప్పెక్కడుంది?"

"విమానంలో ఉందండి. నిర్ధారిత కాలానికి ముందే వస్తోంది."

ఇద్దరూ ఒక్క నిమిషం ఆ విమానం మీద జాలిపడ్డారు. గాల్లోనే అయిదు గంటలు చక్కర్లు కొట్టమని రాస్తే, ఇంధనం చాలదని పైలట్లు ఒప్పుకోలేదు. అప్పుడు సోమలింగం గారికి తట్టిందండీ ఆ ఉపాయం. విమానం ముందే దిగితే దిగనీ. ప్రయాణికులు మాత్రం దిగినట్టు కాదు. నిర్ధారిత కాలం పూర్తయ్యేదాకా వాళ్ళు ఆకాశంలో ఉన్నట్టే. అందుకోసం విమానాశ్రయంలో ఒక 'గగన విరామ మందిరం' కట్టాలి. అందులో ఉన్నంతసేపూ ఆకాశ నియమాలన్నీ వర్తిస్తాయి. ఏడో పేరాలో ఆయనే స్వయంగా ఒక వాక్యం చేర్చారు: "ఈ నియమం నుండి ఎవరికీ, చివరకు ఈ ఉత్తర్వు జారీ చేసిన వారికి సైతం, మినహాయింపు లేదు." ఆ వాక్యం రాసిన రోజు ఆయన మొహంలో వెలుగు చూడాల్సిందే.

మందిరం పెళ్ళయిన తరువాతి సోమవారం మొదలవ్వాలి. ఆ తేదీ కూడా ఆయనే వేశారు. అంత తెలివి ఆయనకుంది. కానీ సోమవారం మంత్రిగారికి ఖాళీ లేదట. అంతకు ముందు బుధవారం సాయంత్రమే రిబ్బను కత్తిరించేశారు. మా శాఖలో ఒక పని గడువు కన్నా ముందు జరగడం నేనెరిగి అదే మొదటిసారి. పెళ్ళి గురువారం. సోమలింగం గారు సెలవులో ఉండి స్నాతకం కొబ్బరికాయలు లెక్క చూసుకుంటున్నారు. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

గురువారం పొద్దున్న పెళ్ళికొడుకుని తీసుకురావడానికి పూలు కట్టిన కారులో నన్ను పంపారు. ఆరూ యాభై అయిదుకి విమానం దిగింది. మంగాయమ్మ రెండో వాయి దింపింది. నేను రెండు ఇడ్లీలు తిని చెయ్యి కడుక్కున్నాను. ఎవరూ బయటికి రాలేదు.

లోపల కొత్తగా కట్టిన అద్దాల హాలు కనపడింది. గోడలకి లేత నీలం రంగు, దాని మీద మేఘాలు. వరసగా కుర్చీలు. నూట నాలుగు మంది బెల్టులు కట్టుకుని కూర్చున్నారు. మైకులో ఎవరో, "మనం ప్రస్తుతం ముప్ఫై వేల అడుగుల ఎత్తులో ప్రయాణిస్తున్నాం" అంటున్నారు. ఇద్దరు బంట్రోతులు వరసల మధ్య తిరుగుతూ పావుగంటకోసారి కుర్చీలు పట్టుకుని ఊపుతున్నారు. వాళ్ళ జేబులకి 'కుదుపుల సిబ్బంది' అని బిళ్ళలున్నాయి. మూడో వరసలో వంశీధర్ నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఫోను తియ్యబోతే ఒక బంట్రోతు వచ్చి, ఆకాశంలో ఫోన్లు వాడకూడదని లాక్కున్నాడు.

గుమ్మం దగ్గర భూషణం ఉన్నాడు. వైమానిక కాల పరిరక్షణాధికారి. కొత్త ఉద్యోగం, ఇస్త్రీ మడత నలగని చొక్కా.

"ఆ మూడో వరస అబ్బాయికి ఇవాళ పెళ్ళి బాబూ. పంపించెయ్యి" అన్నాను.

"ఎవరు సార్? ఇక్కడెవరూ లేరే. విమానం ఇంకా దారిలో ఉంది."

"అదిగో, నాకు చెయ్యి ఊపుతున్నాడు!"

"ఊపొచ్చు సార్. ఆకాశంలోంచి కూడా ఊపొచ్చు. పదకొండూ యాభైకి దిగుతాడు, అప్పుడు తీసుకెళ్ళండి."

నేను ఫోను చేస్తే సోమలింగం గారు మొదట నమ్మలేదు. తరువాత భూషణానికి ఇమ్మన్నారు. భూషణం నిలబడి, "నమస్కారం సార్... మీ ఉత్తర్వేనండి... ఏడో పేరా సార్, 'జారీ చేసిన వారికి సైతం'... చాలా గొప్పగా రాశారు సార్" అని ఫోను తిరిగిచ్చేశాడు. నేను చెవికి ఆనించుకుంటే అవతల సోమలింగం గారి వెనకనించి హైమ గొంతు వినపడింది. "పదకొండో పేరాలో ఏముంది నాన్నా? రాసింది మీరేగా, గుర్తు చేసుకోండి."

పదకొండో పేరాలో తనిఖీ ఉంది. డిప్యూటీ డైరెక్టరు ఏ సమయంలోనైనా తగు నిపుణుల బృందంతో ఆకాశంలోకి ప్రవేశించి తనిఖీ చేయవచ్చు.

తొమ్మిదీ యాభైకి మూడు కార్లు వచ్చాయి. ముందు కారులోంచి పట్టుపంచెతో, కాళ్ళకి చెప్పుల్లేకుండా సోమలింగం గారు దిగారు. వెనక మధుపర్కం చీరలో, బుగ్గన చుక్కతో హైమ. భూషణం రిజిస్టరు తెరిచాడు. ఒక్కొక్కరి హోదా చెప్పందే లోపలికి వదలనన్నాడు. హైమ గణిత నిపుణురాలు. పురోహితుడు విశ్వపతి శాస్త్రిగారు కాలనిర్ణయ నిపుణుడు. పెళ్ళికూతురి తల్లి, చేతిలో జీలకర్రా బెల్లం ముద్దతో, ఆహార నమూనాల పరీక్షకురాలు. సన్నాయి వాళ్ళిద్దరూ శబ్ద పరీక్ష. నేను ఎలాగూ గుమాస్తానే.

"హోమం మాత్రం కుదరదు సార్. ఆకాశంలో నిప్పు నిషేధం" అన్నాడు భూషణం.

"హోమం తరువాత మండపంలో చేసుకుంటాంలే నాయనా. సుముహూర్తానికి కావాల్సింది జీలకర్రా బెల్లం. ముందు తలుపు తియ్యి" అన్నారు శాస్త్రిగారు.

ముందు వరస కుర్చీలు జరిపి పీటలు వేశాం. సన్నాయి మొదలైంది. నూట నాలుగు మందీ బెల్టులతోనే మెడలు తిప్పి చూడసాగారు. కుదుపుల సిబ్బంది పెళ్ళికొడుకు కోసం వేసిన ఖాళీ పీటని కూడా ఒకసారి ఊపారు. పదీ ముప్ఫైకి శాస్త్రిగారు పంచపాత్రలో నీళ్ళు పోసి సోమలింగం గారి వైపు తిరిగారు.

"కన్యాదాత మీరు. సంకల్పం మీ నోటితో చెప్పాలి. శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య, ఎక్కడున్నామో చెప్పి మొదలుపెడదాం."

"ఎక్కడున్నామో ఏముందండీ, రేవుపాడులో..." అని ఆగిపోయారు సోమలింగం గారు. భూషణం రిజిస్టరు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.

"క్షమించాలి సార్. రేవుపాడుకి ఇంకా ఎనభై కిలోమీటర్ల పైనే ఉంది. నిర్ధారిత వేగం ప్రకారం విమానం ఇప్పుడు కృష్ణానదికి అవతల ఉండాలి. ఇంకా నది దాటలేదు సార్."

శాస్త్రిగారు పంచపాత్ర కింద పెట్టేశారు. "అదెలా కుదురుతుందయ్యా? పెళ్ళికూతురు కృష్ణకీ గోదావరికీ మధ్య ఉంది. పెళ్ళికొడుకు కృష్ణకి అవతల, గాల్లో ఉన్నాడంటావు. ఒకరి నెత్తిన ఒకరు జీలకర్రా బెల్లం ఎలా పెడతారు? ఎనభై కిలోమీటర్ల చేతులున్నాయా వీళ్ళకి?"

"తనిఖీ బృందం కూడా ఆకాశంలో ఉన్నట్టేనండి. అందరూ అవతలే" అని భూషణం ధైర్యం చెప్పాడు.

"అయితే కన్యాదానం ఆకాశంలో చెయ్యమంటావా? సంకల్పానికి కాళ్ళ కింద భూమి ఉండాలి. లేని చోటు చెప్పి చేసిన పెళ్ళి నేను చెయ్యను, చేయించను. సోమలింగం గారూ, మీకు తెలిసిందే చెప్పండి. మనం ఎక్కడున్నాం? పన్నెండు నిమిషాలే ఉంది."

సోమలింగం గారు చెమట తుడుచుకున్నారు. నేను ఆయన్ని ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను. అంత మనిషి అలా బిక్కచచ్చిపోవడం చూడలేకపోయాను. భూమి మీద ఉన్నామంటే తన ఉత్తర్వు అబద్ధం, సభకి చెప్పింది అబద్ధం, ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో మొదటి మెమో ఖాయం. ఆకాశంలో ఉన్నామంటే కూతురి పెళ్ళి ఆగిపోతుంది.

"నాన్నా" అంది హైమ. "శాఖనీ సభనీ కాసేపు పక్కన పెట్టండి. మీ కాళ్ళ కింద ఏముందో చూసి చెప్పండి."

ఆయన కిందకి చూశారు. చెప్పుల్లేని పాదాలు. కొత్త టైల్సు కాబోలు, చల్లగా తగిలుంటాయి. ఒక బొటనవేలు ఎత్తి మళ్ళీ ఆనించారు, పరీక్షించినట్టు. తరువాత నీళ్ళు చేతిలోకి తీసుకున్నారు.

"నేల ఉందమ్మా" అన్నారు. ఆ తరువాత గొంతు సవరించుకుని, ముప్ఫై నాలుగేళ్ళలో ఎప్పుడూ మాట్లాడనంత గట్టిగా, "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" అని హాలంతా మోగేలా చెప్పారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. దాచుకోవడమెందుకు!

రెండో వరసలో ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. "ఏం బాబూ, ఆయన పెద్ద ఆఫీసరంట కదా. మనం కిందే ఉన్నామంటున్నాడు. మరి నేను బాత్రూంకి వెళ్ళొచ్చా?"

ఎవరూ జవాబు చెప్పేలోపు టక్కుమని ఒక బెల్టు ఊడింది. తరువాత ఇంకోటి. నూట మూడు బెల్టులు ఊడాయి. వంశీధర్ బెల్టు ఊడలేదు, హైమే తీసి అతన్ని పీటల మీదికి తీసుకొచ్చింది. కొందరు సంచులు పట్టుకుని తలుపు తోసుకుని బయటికి పోయారు, కొందరు అక్షింతల కోసం ఆగారు. భూషణం "ఎత్తు! ఎత్తు చూసుకోండి!" అని కేకలు పెడుతూనే ఉన్నాడు. సరిగ్గా పదీ నలభై రెండుకి జీలకర్రా బెల్లం పడింది. కుదుపుల సిబ్బంది కూడా అక్షింతలు వేశారు.

నాలుగో రోజున మెమో వచ్చింది. నేనే తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. అందులో ఇలా ఉంది: "తనిఖీ నెపముతో గగన విరామ మందిరమున ప్రవేశించి, ముప్ఫై వేల అడుగుల ఎత్తున కృష్ణానదికి ఆవల ప్రయాణించుచున్న నూట నలుగురిని పారాచ్యూట్లు లేకుండ మార్గమధ్యమున దింపివేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో తెలుపవలెను. ప్రాణనష్టము జరుగకపోవుట యాదృచ్ఛికమే గాని మీ ప్రతిభ కాదు." మందిరానికి తాళం వేసి, తలుపు మీద 'ఆకాశమునకు మరమ్మతులు జరుగుచున్నవి' అని బోర్డు పెట్టారు. అదింకా ఉంది, మీరు వెళితే చూడొచ్చు.

సోమలింగం గారు మెమో రెండుసార్లు చదివి, నా చేత సంజాయిషీ రాయించారు. ఆయన రాసే ప్రతి ఉత్తరం నాలుగు పేజీలుంటుంది. ఇది మాత్రం ఒక్క వాక్యం: "ఆ సమయములో నేను, నూట నలుగురు ప్రయాణికులు, మా అల్లుడు సహా, నేల మీద ఉన్నాము." సంతకం చేసి, "పట్టుకెళ్ళవయ్యా. ఏమైతే అదవుతుంది" అన్నారు. నేను మెట్లెక్కి ఇచ్చి వచ్చాను. రెండు నిమిషాలు పట్టింది.

అక్కడే చిక్కొచ్చింది. కమిషనర్ గారి ఆఫీసు వాళ్ళకి అనుమానం. కింది అంతస్తు నుంచి పై అంతస్తుకి కాగితం రావడానికి నిర్ధారిత కాలం ఎంత? అది తెలియకుండా అందినట్టు ఎలా రాసుకుంటారు? దూరాలు ధ్రువీకరించేది మేమే కనక ప్రశ్న మాకే దించారు. సోమలింగం గారు తన విషయం తానే చూడకూడదు. అందుకని ఫైలు నా దగ్గరికి వచ్చింది.

నేను మా గురువుగారి పద్ధతే పాటించాను. చేత్తో పట్టుకెళితే రెండు నిమిషాలు. పోస్టులో పంపితే నాలుగు రోజులు. జిల్లా, ప్రాంతీయ, సచివాలయ కార్యాలయాల మీదుగా సక్రమ మార్గంలో వెళితే మూడేళ్ళ ఎనిమిది నెలలు. దీనికి నా సెలవు అర్జీయే సాక్ష్యం. మూడూ కూడి మూడుతో భాగించాను. పుట్టింటికొచ్చిన హైమకి చూపిస్తే, ఎర్ర పెన్ను తీసి లెక్క సరిచూసింది.

"పధ్నాలుగు నెలల ఇరవై ఒక్క రోజులు. ఇలాంటి సగటు ఎవరూ తియ్యకూడదు బాబాయ్" అంది. మళ్ళీ ఒకసారి వాళ్ళ నాన్న గది వైపు చూసి, కింద టిక్కు పెట్టింది.

పైనుంచి వెంటనే జవాబొచ్చింది. "మీ సంజాయిషీ నిర్ధారిత కాలమునకు ముందే చేరినందున, ఇంకను చేరనట్లుగా భావించడమైనది. చేరిన పిమ్మట తగు చర్య తీసుకొనబడును."

మొన్న కార్తీకంలో సోమలింగం గారు రిటైరయ్యారు. కమిషనర్ గారు శాలువా కప్పి, ముప్ఫై నాలుగేళ్ళలో చర్య అన్నదే ఎరగని అధికారి అని పొగిడారు. ముందు వరసలో కూతురూ అల్లుడూ చప్పట్లు కొట్టారు. సోమలింగం గారు మైకు దగ్గర ఏదో చెప్పబోయి, కాళ్ళ కేసి చూసుకుని నవ్వుకుని, కూర్చున్నారు. పెళ్ళి రోజున ఆయన నేల మీద ఉన్నారన్న సంగతి మా శాఖకి అధికారికంగా వచ్చే జ్యేష్ఠంలో తెలుస్తుంది.